వియత్నాం గ్రామదేవతల రాజపత్రాలు (సక్ ఫోంగ్): తరచుగా అడిగే ప్రశ్నలు

సక్ ఫోంగ్ అంటే ఏమిటి?

వియత్నాం రాజు ఒక ఊరి దేవతకు బిరుదు ఇస్తూ, ఫలానా ఊరివాళ్లు ఈ దేవతను ఎప్పటిలాగే కొలుచుకోవచ్చని ఒప్పుకుంటూ పంపిన పత్రం. శాసనం అనగానే మనకు భూదానాలు, అగ్రహారాలు గుర్తొస్తాయి. ఇందులో సెంటు భూమి ఊసు కూడా ఉండదు. రాజు ఇచ్చేది ఒట్టి మాటలే, రెండేసి అక్షరాల పొగడ్త బిరుదులు. అయినా ఆ మాటల కోసం ఊళ్లు పోటీ పడేవి. పత్రం ఉన్న దేవత రాజ్యం గుర్తించిన దేవత, లేనిది ఉత్త ఊరి దేవత.

ఊరిని కాచే దేవతను థాన్ హ్వాంగ్ అంటారు. ఆ దేవత కొలువుండే ఊరి మండపం డిన్. పత్రాన్ని డిన్‌లోనో, నమ్మకస్థుల ఇంట్లోనో, ఎర్ర లక్క పూసిన చెక్కపెట్టెలోనో గొట్టంలోనో చుట్టి దాస్తారు. ఉద్యోగులకు పదవులిస్తూ రాసిన వాటినీ సక్ ఫోంగ్ అనే పిలుస్తారు. ఈ పేజీ దేవతల పత్రాల గురించి మాత్రమే.

ఎలాంటి దేవతలకు ఇచ్చారు?

యుద్ధవీరులు, నదీదేవతలు, చేతివృత్తిని ఊరికి నేర్పిన మూలపురుషులు, అడవి నరికి ఊరు కట్టినవాళ్లు. మధ్య వియత్నాం తీరంలో తిమింగలానికి కూడా ఇచ్చారు. జాలర్లు కొలిచే ఆ దేవతను పత్రాల్లో దక్షిణ సముద్రపు ‘న్గోక్ లన్’ అని రాస్తారు.

తెలుగు పాఠకులు ఆగి చూడాల్సిన పేరు థియెన్ యి ఆ నా. ఈమె అసలు చంపా (నడిమి వియత్నాం తీరంలోని పాత హిందూ రాజ్యం) దేవి పో నగర్. న్యా చాంగ్‌లోని ఆమె గుడి శాసనాల్లో సంస్కృతం ఉంది, లోపల పది చేతుల భగవతి విగ్రహం ఉంది. చంపా నేల వియత్నాం చేతికి వచ్చాక కొత్తగా వచ్చినవాళ్లు ఆమెను వదల్లేదు. న్గుయెన్ రాజులు (1802–1945, వియత్నాం చివరి రాజవంశం) ఆమెకు పై తరగతి హోదా ఇచ్చి పత్రాలు రాశారు. భగవతికి చైనా అక్షరాల్లో వియత్నాం రాజు ఇచ్చిన బిరుదు చదువుతుంటే, ఒకే కాగితం మీద మూడు నాగరికతలు కనబడతాయి.

హోదాలు ఎన్ని?

మూడు: థుయాంగ్ డాంగ్ (పై తరగతి), చుంగ్ డాంగ్ (నడిమి), హా డాంగ్ (కింది). దేవత ఒకేసారి పైకి ఎక్కదు, ఒక్కో సందర్భంలో బిరుదు పెరుగుతూ పోతుంది. మామూలు థాన్ హ్వాంగ్‌కు న్గుయెన్ కాలంలో దొరికే బిరుదుల వరుస ‘క్వాంగ్ హౌ, చిన్ చుక్, హు థియెన్, డోన్ న్గుంగ్’. విశాలమైన మనసు, నిజాయితీ, మంచివారికి అండ, నిలకడ అని స్థూలంగా అర్థం. దక్షిణాదిలో పది పత్రాలు తిరగేస్తే ఇదే మాట పదిసార్లు వస్తుంది. అది ఆ దేవత గుణగణాల వర్ణన కాదు, కార్యాలయపు నమూనా. దేవత ‘వ్యక్తిత్వం’ గురించి దీన్నిబట్టి వ్యాసాలు రాయకండి.

కాగితం ఎలాంటిది? అంత కాలం ఎలా నిలిచింది?

‘జో’ అనే పొద బెరడు నారతో చేసినది. నార పొడవుగా ఉంటుంది కాబట్టి మడిచినా తొందరగా తెగదు. హనోయి పక్కన న్గియా డో ఊళ్లో లాయ్ ఇంటిపేరువాళ్లు రాజదర్బారు కోసం ఈ కాగితం చేసేవారు. తడి కాగితాన్ని ఆరబెట్టి, దళసరిగా చేసి, రోకళ్లతో మళ్లీ మళ్లీ దంచేవారు. ఆ దెబ్బలతోనే దానికి నునుపు, గట్టిదనం వస్తాయి. హోయె పూల రంగుతో పసుపు అద్ది, గేదె తోలు జిగురు పూసి, పైన వెండి, బంగారు రంగుతో మబ్బులను, డ్రాగన్‌ను కుంచెతో గీసేవారు. వెనకవైపు బొమ్మలు దేవత హోదాను బట్టి మారతాయి.

పత్రం సుమారు 130 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని విప్పితే మొదట కంటికి కనిపించేది అక్షరాలు కాదు, పసుపు మీద నల్లబడిపోయిన డ్రాగన్ గీతలు. ఎడమ చివర తారీకు వరుస మీద ఎర్రటి చదరపు ముద్ర.

ఈ తయారీ పద్ధతే కాగితానికి బలమూ, బలహీనతా. నార బలం. జిగురు పురుగుకు ఆహారం. పూలరంగు వెలుతురుకు వెలుస్తుంది. వెండి గాలికి నల్లబడుతుంది. సిరా మసి కాబట్టి దానికి ఏమీ కాదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి. మొదటి అక్షరం ‘సక్’ (రాజాజ్ఞ), మిగతావాటికంటే పెద్దగా ఉంటుంది. తరవాత ఊరు, దేవత పేరు, పాత బిరుదులు, కొత్త బిరుదుకు కారణం, కొత్త బిరుదు, చివర ముక్తాయింపు, తారీకు.

తొందరగా కాలం పట్టుకోవాలంటే ముందు చివరి మాట చూడండి. న్గుయెన్‌లకు ముందు, 18వ శతాబ్దం చివరిదాకా ఉన్న లే వంశపు పత్రం ‘కో సక్’ అని ముగుస్తుంది. న్గుయెన్ వంశపుది సాధారణంగా ‘ఖామ్ తాయ్’ (భక్తితో పాటించండి) అని ముగుస్తుంది. ఆ పైన ‘దేవత మా ప్రజలను కాపాడుగాక’ అనే వాక్యం ఉంటే న్గుయెన్ పత్రమని దాదాపు ఖాయం. లే కాలంలో దేవతను ‘డాయ్ వుయాంగ్’ (మహారాజు) అని సంబోధించడం మామూలు.

కారణం చెప్పే వాక్యం ఇంకా పనికొస్తుంది. లే రాజుల కాలంలో అసలు అధికారం చిన్ ప్రభువులది. 1740, 1767, 1783ల్లో కొత్త ప్రభువు గద్దెనెక్కినప్పుడల్లా ‘వారసుడు పదవి చేపట్టాడు, అందుకని దేవతల హోదా పెంచాలి’ అంటూ వందల ఊళ్లకు పత్రాలు వెళ్లాయి. న్గుయెన్ కాలంలో రాజుల పుట్టినరోజులు అదే పని చేశాయి. తు డుక్ 50వ పుట్టినరోజు పేరు చెప్పే పత్రాలు 1880లో, ఖాయ్ డిన్ 40వ పుట్టినరోజువి 1924లో వచ్చాయి. ఇవి నేటికీ చాలా ఎక్కువగా దొరుకుతాయి.

తారీకును మన సంవత్సరంలోకి ఎలా మార్చాలి?

రాజు పాలనకాలపు మొదటి ఏడాదికి ముందటి ఏడాదిని పత్రంలోని ఏడాది సంఖ్యకు కలపాలి. కొన్ని గుర్తుపెట్టుకుంటే చాలు: కాన్ హుంగ్‌కు (లే రాజు పాలనకాలం పేరు) 1739, మిన్ మాంగ్‌కు 1819, థియూ చికి 1840, తు డుక్‌కు 1847, డోంగ్ ఖాన్‌కు 1885, జుయి తన్‌కు 1906, ఖాయ్ డిన్‌కు 1915. కాన్ హుంగ్ 44 అంటే 1783. ఖాయ్ డిన్ 9 అంటే 1924.

అసలు తిప్పలు ఏడాది చివర్లో వస్తాయి. అది చాంద్రమానం. 11, 12 నెలల తారీకులు మన లెక్కలో తరవాతి ఏడాదిలోకి జారిపోవచ్చు. దక్షిణ వియత్నాం డిన్‌లలో తరచుగా కనిపించే తారీకు ‘తు డుక్ 5, 11వ నెల, 29’. కూడిక చేస్తే 1852 వస్తుంది. నిజానికి అది 1853 జనవరి. చాలా ఊళ్ల బోర్డుల మీద ఇప్పటికీ 1852 అనే ఉంది. మీరు రాసేటప్పుడు రాజు కాలపు తారీకు, మన తారీకు రెండూ పక్కపక్కన ఇవ్వండి.

ఇన్ని ఊళ్లకు ఒకే తారీకు ఉంటే నకిలీ అనుకోవాలా?

అక్కర్లేదు. దర్బారు ఒకే తారీకుతో మూటలు మూటలు పంపేది. వేరే ఊళ్లలో ఎక్కడా కనబడని తారీకు ఉంటే మరింత జాగ్రత్తగా చూడాలి.

అసలుదా, తిరగరాసినదా ఎలా తెలుస్తుంది?

ఒక్క గుర్తుతో తేల్చకండి. నాలుగైదు కలిపి చూడాలి.

మొదట ముద్ర. ‘సక్ మెన్ చి బావ్’ అనే చదరపు ముద్ర తారీకులోని ఏడాది మీద పడాలి. మిన్ మాంగ్ 1827లో పోతపోయించిన బంగారు ముద్ర భుజం సుమారు 13–14 సెంటీమీటర్లు. అసలు ముద్రలో సిందూరం నూనెతో కలిసి ఉంటుంది కాబట్టి రంగు నార మీద కొంచెం దళసరిగా కూర్చుంటుంది, అంచుల్లో హెచ్చుతగ్గులుంటాయి. ప్రింటరు ముద్ర చుక్కలు చుక్కలుగా, సమంగా, చదునుగా ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం చాలు.

రెండోది నిషిద్ధాక్షరాలు. రాజుల పేర్లలోని అక్షరాలను రాయకూడదు. తు డుక్ కాలం నుంచి ‘సమయం’ అనే అర్థమున్న ‘థి’ బదులు ‘థిన్’ అని రాసేవారు. మిన్ మాంగ్ భార్య, థియూ చి తల్లి అయిన హో థి హ్వా పేరు వల్ల థాన్ హ్వా అనే ప్రాంతం ‘థాన్ హోవా’గా మారింది. న్గుయెన్ కాలం నడిమిదని చెప్పే పత్రంలో నిషిద్ధాక్షరం యథాతథంగా ఉంటే ఆగాలి.

మూడోది మాటల వయసు. ‘జుక్ బావ్ చుంగ్ హుంగ్’ అనే బిరుదు సాధారణంగా 1887 డోంగ్ ఖాన్ పత్రాల నుంచి వస్తుంది. అదే మాట 1853 నాటిదనే పత్రంలో కనబడితే ఎవరో తరవాతి కాలపు నమూనా చూసి రాశారన్నమాట.

అయితే తిరగరాసినదంతా మోసం కాదు. తెల్లచీమలు తిన్నాయనో, యుద్ధంలో పోయాయనో ఊరి పెద్దలే నకలు రాయించుకుంటారు. ‘నకలు, ఫలానా కాలంలో రాసినది’ అని నమోదు చేస్తే దానికీ చరిత్ర ఉంటుంది. లే, న్గుయెన్ వంశాల నడుమ కొద్దికాలం సాగిన తేయ్ సన్ పాలన (క్వాంగ్ చుంగ్, కాన్ థిన్ కాలాలు) పత్రాలు అరుదు. తరవాత వచ్చిన న్గుయెన్ రాజులు ఆ పాలన ఆనవాళ్లను తుడిచే ప్రయత్నం చేశారు. దొరికితే తొందరపడి నకిలీ అనకండి.

దేవత జీవితకథ రాసిన పుస్తకం కూడా చూపించారు. దాన్ని నమ్మవచ్చా?

దాన్ని థన్ తిక్ అంటారు. చాలావాటి మీద 1572లో న్గుయెన్ బిన్ అనే దర్బారు పండితుడు రాశాడని, 18వ శతాబ్దంలో న్గుయెన్ హియెన్ నకలు తీశాడని ఉంటుంది. కథగా చదవండి. ఊరి నమ్మకం తెలుసుకోవడానికి దానికి సాటి లేదు. తారీకులకు మాత్రం సక్ ఫోంగ్‌నే ఆధారం చేసుకోండి, ఎందుకంటే అది ప్రభుత్వ కాగితం. రెండిటి మధ్య పొంతన లేకపోతే కలిపి కుట్టే పని పెట్టుకోవద్దు, తేడాను తేడాగానే రాయండి.

ఊరివాళ్లు పెట్టె తెరవనంటున్నారు. ఏం చేయాలి?

వాళ్ల భయంలో న్యాయముంది. ఫోటోలు బయటికి పొక్కాక దొంగతనాలు జరిగాయి. ఫూ థో ప్రాంతంలోని జి నౌ ఊరి గుడి నుంచి 2021లో పోయిన పత్రాలు మరుసటి ఏడాది చైనాలో వేలానికి కనబడ్డాయి. కాబట్టి ముందు గుడి కాపలాదారును (థు తు), పండుగ కమిటీని, కమ్యూన్ (కొన్ని ఊళ్లు కలిసిన పాలనా విభాగం) సాంస్కృతిక అధికారిని కలవాలి. పెట్టె తెరవడానికి ముందు పూజ ఉంటుంది, రోజు వాళ్లే చూస్తారు. ఏటా దేవత పండుగలో పత్రాన్ని ఊరేగిస్తారు (రుయాక్ సక్). దక్షిణాదిలో కి యెన్ పండుగకు దాచిన ఇంటి నుంచి డిన్‌కు తీసుకొస్తారు. ఎలాగూ తెరిచే రోజు అదే కాబట్టి ఆ ముందురోజు అడగడం అన్నిటికంటే సులువు. పని అయ్యాక ఫైళ్ల పూర్తి ప్రతి, ప్రింటు ఊరికి ఇచ్చి వెళ్లాలి. డిన్ ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టినా పెట్టె ఎక్కడుందో, తాళం ఎవరిదో రాయకండి.

ఫోటో ఎలా తీయాలి?

ఫోను సరిపోదు. 130 × 50 సెంటీమీటర్ల కాగితానికి అంగుళానికి 300 చుక్కలు కావాలంటే సుమారు 15,350 × 5,900 పిక్సెళ్లు ఉండాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్క ఫ్రేము పొడుగు వైపు 6,000 పిక్సెళ్లు. అందుకని కెమెరా పొడుగు వైపు పత్రం ఎత్తుకు పెట్టి, ఒక్కో ఫ్రేములో 33 సెంటీమీటర్ల వెడల్పు పట్టిస్తూ, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా ఆరు ఫ్రేములు తీయాలి. తరవాత కంప్యూటర్‌లో కలపాలి. రంగు నష్టం లేని టిఫ్ ఫైలు ఒక్కోటి దాదాపు 270 మెగాబైట్లు అవుతుంది. ముందూ వెనకా తీస్తే అర గిగాబైటు దాటుతుంది.

నేల మీద శుభ్రమైన తెల్ల బట్ట, దానిమీద ఆమ్లం లేని దళసరి అట్ట పరవండి. రెండు దీపాలు రెండు పక్కల 45 డిగ్రీల్లో ఉండాలి. ఫ్లాష్ వద్దు, అతినీలలోహిత కాంతి లేని చల్లని ఎల్ఈడీ కావాలి. అంచుల్ని ఇసుక నింపిన మెత్తటి గుడ్డ సంచులతో అణచండి, రాళ్లూ పేపర్‌వెయిట్లూ వద్దు. రంగుల కార్డు, స్కేలు పత్రం పక్కన ఉండాలి, మీద కాదు. చివరి ఫ్రేము ఒకటి పక్కనుంచి అతి తక్కువ ఎత్తులో దీపం పెట్టి తీయండి. మడతలు, దంచిన గుర్తులు, అతుకులు అందులోనే బయటపడతాయి.

బాగా గట్టిగా చుట్టుకుపోయిన పత్రాన్ని బలవంతంగా చదును చేయవద్దు. గేదె జిగురు ఎండి పెళుసవుతుంది, పొర పొరగా పగులుతుంది. విప్పగలిగినంతే విప్పి ఆ భాగమే తీసుకుని, మిగతాది నిపుణుడికి వదిలేయండి.

ఫైళ్లకు పేరెలా పెట్టాలి?

ప్రాంతం, కమ్యూన్, ఊరు, గుడి, రాజు, ఏడాది, వరుస సంఖ్య, ముందు లేదా వెనక. పత్రంలోని పాత ఊరి పేరు, ఇప్పటి పేరు రెండూ నమోదు చేయాలి. 2025 జూలై 1 నుంచి వియత్నాంలో ప్రాంతాలు 63 నుంచి 34కు తగ్గాయి, జిల్లా స్థాయి పోయింది. అంతకు ముందు నమోదైన చిరునామాలన్నీ ఇప్పుడు పాత పేర్లే. కొత్తది రాసి పాతది చెరిపితే, ఐదేళ్ల తరవాత ఎవరికీ ఏ ఊరో తెలియదు.

భద్రపరచడానికి ఏ వాతావరణం మంచిది?

తేమ 50–60 శాతం, ఉష్ణోగ్రత 20–25 డిగ్రీలు ఆదర్శం. ఊరి డిన్‌లో అది కుదరదు. కుదిరేది ఏమిటంటే ఎత్తుపల్లాలు తగ్గించడం, సరైన కాలంలో పెట్టె తెరవడం. ఉత్తరాన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ‘నోమ్’ అనే తడి వాతావరణం వస్తుంది. గచ్చు మీద నీళ్లు పేరుకుంటాయి, గోడలు చెమరుస్తాయి. ఆ రోజుల్లో పెట్టె తెరిస్తే తడి గాలి లోపల చిక్కుకుని బూజు పడుతుంది. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు మంచిది. నడిమి వియత్నాంలోని హుయెలో అదే కాలం కుండపోత వానలు, కాబట్టి వేసవిలో తెరవాలి. దక్షిణాన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది. ‘పత్రాన్ని ఎండబెట్టడం’ అనే ఆచారం ఉన్నా నేరుగా ఎండలో వేయకండి, పూలరంగు వెలుస్తుంది. నీడలో గంటసేపు గాలి తగిలితే చాలు.

చెక్కపెట్టె లోపల ఆమ్లం లేని కాగితం పరిచి, పత్రాన్ని 8–10 సెంటీమీటర్ల వ్యాసమున్న అట్టగొట్టం మీద వదులుగా చుట్టాలి. సన్నటి వెదురు గొట్టంలోకి దూర్చినవే మడతల దగ్గర విరుగుతాయి. పెట్టెను గోడకు ఆనించకుండా, నేల నుంచి ఎత్తులో పెట్టండి. ప్రదర్శించాలంటే అసలు బదులు అచ్చు ప్రతి పెట్టండి. అసలుదే పెట్టాల్సివస్తే వెలుతురు 50 లక్స్ దాటకూడదు.

పురుగు పట్టింది. నాఫ్తలీన్ గోళీలు వేయవచ్చా?

వద్దు. పురుగును పూర్తిగా చంపవు, వాసన కాగితంలో చేరుతుంది, తెరిచినవాళ్లకు మంచిది కాదు. చిల్లులు కొత్తవో పాతవో చూడండి. పిండిలా పొడి రాలుతుంటే పురుగు బతికి ఉంది. పత్రాన్ని (లక్క పెట్టెను కాదు, లక్క పగులుతుంది) పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 30 డిగ్రీల్లో 72 గంటలు, లేదా మైనస్ 20లో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు. విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

ప్లాస్టిక్ లామినేషన్ చేయించేశారు. విప్పవచ్చా?

మీరు విప్పవద్దు. ఇది ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే నష్టం. చేసేవాళ్లు ప్రేమతోనే చేస్తారు. వేడికి కరిగిన జిగురు నారలోకి దిగిపోతుంది, లోపలి తేమ బయటికి రాదు, నాలుగైదేళ్లకు అంచుల్లో గోధుమరంగు మరకలు మొదలవుతాయి. ఇస్త్రీపెట్టెతో, హెయిర్ డ్రయ్యర్‌తో విప్పాలని చూస్తే ముద్రలోని నూనె రంగు ప్లాస్టిక్‌తో పాటు లేచొస్తుంది. చదునుగా, చీకట్లో ఉంచి, ద్రావకాలతో పనిచేసే నిపుణుడికి చూపించండి. సెల్లోటేప్‌కూ ఇదే సమాధానం.

చిన్న చిరుగు మేమే బాగుచేయవచ్చా?

రెండు మూడు సెంటీమీటర్ల చిరుగైతే, ముద్రకూ వెండి గీతలకూ దూరంగా ఉంటే చేయవచ్చు. మైదా జిగురు వద్దు, అందులోని గ్లూటెన్ పురుగును పిలుస్తుంది. గ్లూటెన్ తీసిన గోధుమ గంజిపొడి ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు, సన్న సెగ మీద అరగంట కలియబెడుతూ ఉడికించి, చల్లారాక బట్టలో వడకట్టి, వాడేటప్పుడు పలచన చేయాలి. అతుక్కి పలచటి జో కాగితం. దాన్ని కత్తెరతో కోయకుండా తడి కుంచెతో గీత గీసి చింపితే అంచుల్లో నార నిలుస్తుంది, అదే పట్టు. 6–8 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. వెనకవైపు అతికించి బ్లాటింగ్ కాగితం, పైన బరువు పెట్టి, పావుగంటకు బ్లాటింగ్ మార్చి, రాత్రంతా వదిలేయండి. జిగురు ఎక్కువైతే తేమకు గేదె జిగురు పూత మెత్తబడి చుట్టూ మెరిసే వలయం మిగులుతుంది. అది మళ్లీ పోదు. మొత్తం పత్రానికి వెనక కొత్త కాగితం వేయడం (బోయ్) మీ పని కాదు.

నల్లబడ్డ వెండి డ్రాగన్‌ను శుభ్రం చేయవచ్చా?

చేయకండి. అది గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పొర. రుద్దితే పొరతో పాటు మిగిలిన వెండీ పోతుంది. నల్లటి డ్రాగన్ కూడా డ్రాగనే.

హనోయి పాత సామాను దుకాణంలో ఒకటి అమ్మకానికి ఉంది. కొనవచ్చా?

వద్దు. చారిత్రక విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువు వియత్నాం చట్టంలో పురావస్తువు. సాంస్కృతిక వారసత్వ చట్టం అనుమతి లేకుండా దేశం దాటించనివ్వదు (2024లో తెచ్చిన కొత్త చట్టం 2025 జూలై 1 నుంచి అమల్లో ఉంది). 1924 నాటి ఖాయ్ డిన్ పత్రాలకూ వందేళ్లు దాటాయి. పైగా ప్రతి పత్రంలో ఊరి పేరు రాసి ఉంటుంది. అంటే దొంగసొత్తు మీద యజమాని చిరునామా ఉన్నట్టే. ఊరి పేరు చదివి, ఫోటో తీసి, ఆ కమ్యూన్ అధికారులకు పంపండి.

నేర్చుకోవడం ఎక్కడ?

హనోయిలోని హన్ నోమ్ (చైనా అక్షరాలు, వాటి ఆధారంగా వియత్నాం భాష రాసే పాత లిపి) అధ్యయన సంస్థలో ఊరూరి థన్ తిక్, థన్ సక్ (దేవతల రాజపత్రాల) నకళ్ల పెద్ద సేకరణ ఉంది. హుయె గ్రంథాలయం చుట్టుపక్కల ఊళ్ల పత్రాలను డిజిటల్ చేస్తోంది. హా తిన్‌లోని చుయాంగ్ లుయు ఊరి హన్ నోమ్ పత్రాలు (1689–1943) 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ ప్రపంచ స్మృతి జాబితాలోకి ఎక్కాయి. వాటిలో రాజపత్రాలూ ఉన్నాయి. ప్రాచీన చైనీస్ వ్యాకరణం ఏడాది నేర్చుకుంటే మామూలు న్గుయెన్ పత్రం చదవగలరు, ఎందుకంటే ముప్పావు వంతు వాక్యాలు నమూనావే. మిగిలిన పావు వంతు, అంటే ఊరి పేరు, దేవత పేరు, స్థానిక ఉచ్చారణలు మాత్రం ఆ ఊరి ముసలివాళ్లే చదివిపెట్టాలి.